ఉల్లిపాయ దగ్గర మొదలుపెడదాం

(ఇంట్లో వండుకోవడం నేర్చుకుంటున్నవారి కోసం జరిగిన సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. మాట్లాడే ముందు ఒక పని చేస్తాను, ఏమీ అనుకోకండి. స్టవ్ వెలిగిస్తున్నాను. మూకుడు పెట్టాను. నూనె పోశాను, కాస్త ధారాళంగానే పోశాను. ఇవి నాలుగు పెద్ద ఉల్లిపాయలు, నిలువుగా సన్నగా తరిగి తెచ్చాను. ఇదిగో, వేశాను. చిటికెడు ఉప్పు. మంట మధ్యస్థంగా ఉంది. ఇక నేను మాట్లాడుతూ ఉంటాను, ఇవి వేగుతూ ఉంటాయి. మధ్యమధ్యలో కలపడానికి ఆగుతాను. వెనక కూర్చున్నవారికి మూకుడు కనిపించదేమో గానీ, కాసేపట్లో వాసన మీ దాకా వస్తుంది.

రకరకాల దేశాల వంటలు ఇంట్లో తేలిగ్గా, రుచిగా ఎలా చేసుకోవచ్చో చెప్పమన్నారు. ఈ మాట వినగానే మీకు ముందు ఏం గుర్తొస్తుంది? సామాన్ల లిస్టు. అవునా? ఎక్కడ దొరుకుతుందో తెలియని సాస్, పేరు నోరు తిరగని ఆకు, ఒక్కసారి వాడి అలమరలో మూలకు నెట్టేసే సీసా. నేనూ కొన్నేళ్ళు అలాగే వండాను. సీసాలు కొన్నాను. పుస్తకంలో ఎంత రాస్తే అంత కొలిచి వేశాను. అయినా వంట కుదిరేది కాదు. తింటుంటే రుచులు వేటికవి విడివిడిగా తగిలేవి. ఎందుకని? చాలా ఆలస్యంగా అర్థమైంది. నా దృష్టంతా చివర్లో వేసే వాటి మీద ఉండేది. మొదట చేసే పని మీద ఉండేది కాదు.

మొదట చేసే పని ఏమిటి? ప్రపంచంలో చాలా ఇళ్ళలో అది ఒకటే. ఉల్లిపాయ తరగడం. "ఉల్లి చేసిన మేలు..." ఆ, మిగతాది మీరే పూర్తి చేశారు. అందుకని ఈ రోజు నేను పాతిక వంటలు చెప్పను. ఒక ఉల్లిపాయను పట్టుకుని ఇంటింటికీ వెళదాం. ఒక్కో ఇంట్లో దాన్ని ఏం చేస్తున్నారో చూద్దాం. అదే ఉల్లిపాయ. కానీ ఒకచోట నూనెలో వేయిస్తారు, ఒకచోట నూనె చుక్క లేకుండా మగ్గిస్తారు, ఒకచోట పెనం మీద నల్లగా కాలుస్తారు, ఒకచోట అసలు మంటే తగలనివ్వరు. ఆ ఒక్క తేడా పట్టుకుంటే ఆ దేశపు రుచి సగం మీ చేతికి వచ్చినట్టే. ఇది నా నమ్మకం. వండి వండి కలిగిన నమ్మకం.

ముందు ఉల్లిపాయ గురించి రెండు మాటలు. కోయని ఉల్లిపాయను వాసన చూడండి. ఘాటుందా? దాదాపు ఉండదు. ఆ ఘాటు లోపల తయారై కూర్చుని ఉండదు. కత్తి పడగానే కణాలు చిట్లుతాయి, అప్పటిదాకా వేరువేరు అరల్లో ఉన్న పదార్థాలు కలుస్తాయి, ఘాటు అప్పుడు పుడుతుంది. కళ్ళు మండించే వాయువు పుట్టడానికి ప్రత్యేకంగా ఒక ఎంజైమ్ ఉందని జపాన్ శాస్త్రవేత్తలు 2002లో కనుక్కున్నారు. మనకు దీని ఉపయోగం ఏమిటి? కత్తి మొద్దుగా ఉంటే కణాలు ఎక్కువ నలుగుతాయి, కన్నీళ్ళూ ఎక్కువే. కత్తికి పదును పెట్టండి. తరిగే ముందు ఉల్లిపాయను అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి. చల్లగా ఉంటే ఆ వాయువు అంతగా లేవదు.

రెండో మాట. ఉల్లిపాయలో నూటికి 89 పాళ్ళు నీళ్ళే. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, దీనితో చాలా పని ఉంది. నీళ్ళు ఉన్నంతసేపూ మూకుట్లో ముక్కల వేడి 100 డిగ్రీలు దాటదు. మనకు కావలసిన ఎర్రటి రంగు, ఆ కమ్మటి వాసన రావాలంటే దాదాపు 140 డిగ్రీలు కావాలి. చక్కెరలు, ప్రోటీన్లలోని అమైనో ఆమ్లాలు కలిసి రంగు తిరిగే ఆ చర్యను 1912లో మయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వివరించాడు, ఆయన పేరే దానికి పెట్టారు. అంటే ఏమిటి? ముందు నీళ్ళు పోవాలి, తర్వాతే రంగు. మంట పెంచితే అంచులు మాడతాయి గానీ నడుమ నీళ్ళు అలాగే ఉంటాయి. ఇక్కడ దగ్గరిదారి లేదు.

ఒక్క నిమిషం, కలుపుతాను. చూశారా, ఇంకా తెల్లగానే ఉన్నాయి. చెమట పట్టినట్టు మెరుస్తున్నాయి. నీళ్ళు వదులుతున్నాయన్నమాట.

చాలా వంటల పుస్తకాల్లో "ఉల్లిపాయలు గోధుమరంగు వచ్చేదాకా 5 నిమిషాలు వేయించండి" అని ఉంటుంది. అయిదు నిమిషాల్లో మెత్తబడతాయి, అంతే. నేను మొదట్లో ఆ మాట నమ్మి, అయిదు నిమిషాలకు రంగు రాకపోతే తప్పు నాదే అనుకుని మంట పెంచేదాన్ని. మాడేవి. చేదెక్కేవి. ఆ చేదు ఎన్ని మసాలాలు వేసినా పోదు. మీలో ఎవరికైనా ఇలా జరిగి ఉంటే, తప్పు మీది కాదు. టైము తప్పు రాశారు. ఫ్రాన్స్‌లో ఉల్లిపాయ సూప్ చేసే ఇళ్ళలో అడగండి, వెన్నలో సన్న మంట మీద ముప్పావుగంట, గంట అంటారు. ఆ సూప్‌లో ఇంకేముంది? ఉడికించిన రసం, పైన రొట్టె, రొట్టె మీద చీజ్. రుచంతా ఆ ముప్పావుగంటదే.

ఇప్పుడు ఈ మూకుట్లో ఉన్నది ఎందుకో చెబుతాను. ఇది ముజద్దరా కోసం. లెబనాన్, సిరియా, పాలస్తీనా, జోర్డాన్ ఇళ్ళలో మామూలు రోజుల్లో వండుకునే అన్నం. బియ్యం, పొట్టు తీయని మసూర్, ఉల్లిపాయలు, నూనె, ఉప్పు, కాస్త జీలకర్ర. అయిపోయింది, ఇంకేమీ లేదు. 1226లో బాగ్దాద్‌లో రాసిన ఒక వంటల పుస్తకంలో ఈ పేరుతో వంట ఉంది. ఎనిమిది వందల ఏళ్ళుగా వండుతున్నారన్నమాట. పేరుకు అర్థం "మచ్చలున్నది" అని. తెల్లటి అన్నంలో మసూర్ గింజలు మచ్చల్లా కనిపిస్తాయి కదా, అందుకు.

ఎలా చేస్తారో చెబుతాను, రాసుకోవాలంటే రాసుకోండి. ఒక కప్పు మసూర్, ఒక కప్పు బియ్యం, నలుగురికి సరిపోతుంది. ఉల్లిపాయలు మూడు, నాలుగు. ఎక్కువ అనిపిస్తుంది, తగ్గించకండి. నీళ్ళు పోయాక గుప్పెడవుతాయి. అరకప్పు నూనె, ఆలివ్ నూనె అయితే మరీ మంచిది. నిలువుగా, అంటే తల నుంచి వేరు వైపుకు తరగండి. అలా తరిగిన ముక్క ఎంతసేపు వేగినా ఆకారం నిలుపుకుంటుంది. అడ్డంగా తరిగితే తొందరగా నలిగి ముద్దవుతుంది. ముద్ద కావలసిన వంటలు వేరే ఉన్నాయి, వాటి దగ్గరికి తర్వాత వెళదాం.

అరగంట పైగా వేగి ముదురు గోధుమరంగు వచ్చాక సగం ఉల్లిపాయలు తీసి పక్కన పెట్టాలి. మిగిలిన సగంలో, ఆ నూనెలోనే, జీలకర్ర వేసి, సగం ఉడికిన మసూర్, కడిగిన బియ్యం, ఉప్పు, సరిపడా నీళ్ళు. మూత పెట్టి సన్న మంట మీద ఇరవై నిమిషాలు. దించి పది నిమిషాలు మూత తీయకుండా వదిలెయ్యాలి. పైన పక్కన పెట్టిన ఉల్లిపాయలు. పక్కన గడ్డ పెరుగు.

ఇందులో కీలకం ఏమిటో గమనించారా? నూనె. ఉల్లిపాయ వేగిన నూనె. ఆ కమ్మదనమంతా నూనెలోకి దిగుతుంది, నూనె ప్రతి మెతుకుకూ అంటుతుంది. నేను మొదటిసారి చేసినప్పుడు నూనె ఎక్కువైందని ఉల్లిపాయలు తీసేసి, ఆ నూనె వంపేసి, అన్నంలోకి కొత్త నూనె వేశాను. ఆ రోజు అన్నం చప్పగా ఉంది. ఏం తక్కువైందో నెలల తరబడి తెలియలేదు. మసాలా తక్కువైందనుకుని ఒకసారి దాల్చినచెక్క వేశాను, ఒకసారి మిరియాలు వేశాను. తక్కువైంది నేను వంపేసిన నూనె.

మళ్ళీ కలుపుతాను. లేత పసుపు తిరుగుతున్నాయి. ముందు వరుసలో వాసన వస్తోందా? వస్తోందంటున్నారు. వెనక్కి ఇంకా రాలేదు, వస్తుంది.

ఇక్కడి నుంచి ఇథియోపియా వెళదాం. నాకు చాలా ఇష్టమైన వంటిల్లు. అక్కడ "వొత్" అనే పులుసు లాంటి చిక్కటి కూర చేస్తారు. దానికి ఉల్లిపాయను ఎలా మొదలుపెడతారో తెలుసా? నూనె లేకుండా. ఖాళీ గిన్నెలో. ముందు ఉల్లిపాయలను సాధ్యమైనంత సన్నగా, దాదాపు తురుములా తరుగుతారు. పొడి గిన్నెలో వేసి సన్న మంట మీద కలుపుతూనే ఉంటారు. అడుగంటుతుందనిపిస్తే రెండు చెంచాల నీళ్ళు చిలకరిస్తారు. పావుగంట, ఇరవై నిమిషాలు. అది కరిగి కరిగి ముద్దవుతుంది. నూనె ఆ తర్వాత.

మొదట ఇది విని నాకు నమ్మకం కలగలేదు. నూనె లేకుండా ఉల్లిపాయ వేగుతుందా? వేగదు, నిజమే. వేగడం ఇక్కడ అక్కర్లేదు. కరగాలి. నూనె ముందే వేస్తే ముక్క అంచులు గట్టిపడి ముక్క ముక్కగానే ఉంటుంది. నూనె లేకపోతే తన నీళ్ళలో తానే ఉడికి మాయమైపోతుంది. ఆ ముద్దే కూరకు చిక్కదనం ఇస్తుంది. పిండి కలపక్కర్లేదు, క్రీమ్ పోయక్కర్లేదు.

ఆ తర్వాత నితెర్ కిబ్బె, అంటే మసాలా దినుసులు వేసి కాచిన నెయ్యి. ఆర్థడాక్స్ క్రైస్తవులకు అక్కడ ఉపవాస దినాలు చాలా ఉంటాయి, బుధవారాలు, శుక్రవారాలు కూడా. ఆ రోజుల్లో నెయ్యి ముట్టరు, నూనె వేస్తారు. అందుకే వాళ్ళ దగ్గర పాలు, మాంసం లేని కూరలు అన్ని ఉన్నాయి, అంత బాగున్నాయి. అందులో మసూర్ పప్పుతో చేసేది మిసిర్ వొత్. నెయ్యో నూనో పోశాక వెల్లుల్లి, అల్లం, ఆ తర్వాత బెర్బెరే అనే కారం. బెర్బెరే అంటే భయపడకండి. ఎండుమిరప కారమే ప్రధానం, దానితో మెంతులు, ధనియాలు, మిరియాలు, లవంగాలు, యాలకులు, శొంఠి. వేయించి పొడి కొట్టుకుంటారు. వాళ్ళు వాడే యాలకులు వేరే జాతివి, కొరరీమా అంటారు. దొరకకపోతే మామూలువి వేయండి. రుచి కాస్త మారుతుంది, వంట మాత్రం చెడదు. కారం ఆ ఉల్లి ముద్దలో అయిదారు నిమిషాలు పచ్చివాసన పోయేదాకా మగ్గాలి. అప్పుడు ఎర్ర మసూర్ పప్పు, నీళ్ళు. తినడం ఇంజెరతో, తెఫ్ అనే చిరుధాన్యపు పిండిని పులియబెట్టి పోసే మెత్తటి రొట్టె అది. ఇంట్లో తెఫ్ లేకపోతే అన్నంతో తినండి, ఏ రొట్టెతోనైనా తినండి. కానీ ఉల్లిపాయను మాత్రం నూనె లేకుండా మొదలుపెట్టండి. నేను అడిగేది ఆ ఒక్కటే.

ఒకమ్మాయి నా దగ్గర నేర్చుకునేటప్పుడు అడిగింది: "నూనె ముందే వేస్తే ఎవరికి తెలుస్తుంది?" రెండూ చేసి పక్కపక్కన పెట్టి తినమన్నాను. తినగానే ఒప్పుకుంది. మీరూ అలాగే చేయండి. నా మాట మీద కాదు, మీ నాలుక మీద నమ్మకం పెట్టుకోండి.

హంగరీలో ఇంకో జాగ్రత్త నేర్చుకోవాలి. పాప్రికా అని, ఘాటు తక్కువగా, తియ్యగా ఉండే మిరప పొడి. మిరప పుట్టిల్లు అమెరికా ఖండం, 1492 తర్వాతే అటువైపు వచ్చింది. ఇప్పుడది లేని హంగరీ వంటను ఊహించలేం. ఉల్లిపాయలు కొవ్వులోనో నూనెలోనో మెత్తగా, లేత బంగారు రంగు వచ్చేదాకా వేయిస్తారు. పాప్రికా వేసే ముందు గిన్నెను మంట మీద నుంచి దించేస్తారు. దించాకే వేస్తారు, కలుపుతారు, వెంటనే కాసిని నీళ్ళు పోస్తారు. ఎందుకు? ఆ పొడిలో చక్కెర ఎక్కువ. మంట మీద ఉండగా వేస్తే క్షణాల్లో మాడి చేదవుతుంది. ఆ తర్వాత బంగాళదుంప ముక్కలు, ఉప్పు, నీళ్ళు వేసి ఉడికించుకుంటే పాప్రికాష్ క్రుంప్లి. వాళ్ళు సాసేజ్ కూడా వేస్తారు, లేకపోయినా బాగుంటుంది. పిల్లలు ఇష్టంగా తింటారు.

స్పెయిన్, ఇటలీ, అమెరికాలోని లూసియానా గురించి ఒక్క ముక్కలో చెప్పి ముందుకెళతాను. స్పెయిన్‌లో ఉల్లిపాయకు వెల్లుల్లి, టమాటా తోడు. ఇటలీ, ఫ్రాన్స్‌లలో క్యారట్, సెలరీ అనే ఆకుకూర కాడలు తోడు. లూసియానాలో క్యారట్ పోయి ఆ చోట క్యాప్సికం వచ్చింది. ఒక్క కూరగాయ మారితే ఊరే మారిపోయింది. అంతే.

ఇవి చూడండి, ఇప్పుడు రంగు తిరుగుతున్నాయి. ఇక్కడి నుంచి దగ్గరుండాలి. ఇంతసేపూ నెమ్మదిగా ఉన్నవి ఇప్పుడు పరుగెత్తుతాయి, నీళ్ళు పోయాయి కదా. కాస్త మంట తగ్గించాను.

షాంఘైలో ఉల్లికాడలతో ఇలాంటి పనే చేస్తారు. నూనెలో ఉల్లికాడలు వేయించి నూడుల్స్‌లో కలుపుకునే వంట అది. కాడలు కడిగి, తడి లేకుండా బాగా తుడిచి, వేలెడు ముక్కలు కోస్తారు. నూనెలో సన్న మంట మీద పావుగంటో ఇరవై నిమిషాలో వేయిస్తారు. గోధుమరంగు వచ్చి ముడుచుకుపోతాయి. అందులో సోయా సాస్, కొంచెం పంచదార. ఉడికించిన నూడుల్స్ కలపడమే. ఇదీ ఉల్లి నూనె గుణమే. ముజద్దరాలో చూశాం కదా, అదే సూత్రం ఎంత దూరంలో మళ్ళీ కనిపించిందో! అలసిపోయి ఇంటికి వచ్చిన రోజున నేను ఎక్కువగా చేసుకునేది ఇదే. మిగిలిన నూనె సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టి నాలుగైదు రోజుల్లో వాడేస్తాను.

జపాన్‌లో ఒయాకొదోన్ ఉంది. ఒయా అంటే తల్లి లేదా తండ్రి, కో అంటే బిడ్డ. కోడి, గుడ్డు రెండూ ఒకే గిన్నెలో అన్నం మీదికి వస్తాయి కాబట్టి ఆ పేరు. అందులో ఉల్లిపాయ వేగదు. దాషి అనే పలుచటి రసంలో, సోయా సాస్, వంటలో వాడే తియ్యటి బియ్యపు మద్యం మిరిన్‌తో ఉడుకుతుంది. తియ్యగా, మెత్తగా, పారదర్శకంగా ఉంటుంది. దాషి కాచే కొంబు అనే సముద్రపు నాచులోంచే ఇకెదా అనే రసాయన శాస్త్రవేత్త 1908లో రుచినిచ్చే పదార్థమైన గ్లుటామేట్‌ను వేరుచేసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. గుడ్డు చివర్లో పోసి, పూర్తిగా గట్టిపడకముందే దించేస్తారు. పది నిమిషాల పని.

మెక్సికోలో ఉల్లిపాయను నూనె లేని పెనం మీద కాలుస్తారు. ఆ పెనాన్ని కొమాల్ అంటారు. ఉల్లి చెక్కలు, టమాటాలు, పచ్చిమిరప, పొట్టు తీయని వెల్లుల్లి పెనం మీద పెట్టి అక్కడక్కడ నల్లటి మచ్చలు పడేదాకా కాల్చి, రోట్లో నూరుతారు. అగ్నిపర్వతపు రాయితో చేసిన మూడు కాళ్ళ రోలు అది, మోల్కహేతె. ఉప్పు, నిమ్మరసం. అది సాల్సా. ఇందాక నేను మాడితే చేదని అన్నాను, ఇప్పుడు నల్లగా కాల్చమంటున్నాను. రెండూ నిజమే. అక్కడ పైపైన మచ్చలే నల్లబడతాయి, లోపలంతా నీరుంటుంది, నూరేటప్పుడు ఆ నీరు చేదును కప్పేస్తుంది. పొట్టు ఉంచడం కూడా వెల్లుల్లి మాడకుండా ఉండటానికే.

ఇక మంటే లేనిది. మెక్సికోలోనే యుకతాన్‌లో ఎర్ర ఉల్లిపాయలను సన్నగా చక్రాల్లా కోసి, పుల్ల నారింజ రసంలో ఉప్పు వేసి నానబెడతారు. నారింజ లేకపోతే నిమ్మరసం. అరగంటలో మెరిసే గులాబీ రంగు వస్తుంది. రంగు వేశారా అని అడుగుతారు. వెయ్యలేదు. ఎర్ర ఉల్లిపాయలోని రంగు పదార్థం పులుపు తగిలితే గులాబీగా మారుతుంది. టర్కీలో అయితే ఉల్లిపాయకు ఉప్పు రాసి పిసికి, సుమాక్ అనే పుల్లటి ఎర్ర పొడి, కొత్తిమీర లాంటి పార్స్లీ ఆకు కలుపుతారు. ఇంట్లో బీన్స్ ఉడికించినా, గుడ్డు వేయించినా, ఏది చేసినా పక్కన ఇది గుప్పెడు పెట్టి చూడండి. పచ్చి ఘాటు నచ్చనివారు తరిగిన ముక్కల్ని ముందు పది నిమిషాలు చన్నీళ్ళలో వేసి పిండేయండి.

ఒకరు ఇందాక చీటీ పంపారు: "అసలు దినుసులు లేకుండా చేస్తే దాన్ని ఆ దేశపు వంట అనొచ్చా?" మంచి ప్రశ్న. నేను ఎప్పుడూ ఆలోచించేదే. నా పద్ధతి చెబుతాను. దినుసు మారితే ఫరవాలేదు, చెప్పి తినిపించండి. "ఇది మిసిర్ వొత్ లాంటిది, వేరే యాలకులు వేశాను" అనండి. ఆ మాట చెప్పడం ఆ వంట కనిపెట్టిన తల్లులకు మనం ఇచ్చే గౌరవం. కానీ పని మార్చకండి. హడావిడిలో వేయించే టైము తగ్గించి, ఆ లోటు మసాలాతో పూడ్చకండి. దినుసు దొరకకపోవడం మన చేతిలో లేదు. అరగంట మూకుడు దగ్గర నిలబడటం మన చేతిలో ఉంది. రోజూ నిలబడమనడం లేదు. పని ఎక్కువున్న రోజు నూడుల్స్ చేసుకోండి, ఒయాకొదోన్ చేసుకోండి. తీరిక దొరికిన రోజు రెండింతలు ఉల్లిపాయలు వేయించి సగం ఫ్రీజర్‌లో పెట్టుకోండి.

ఇదిగో, అయిపోయాయి. దగ్గరగా వచ్చి చూడండి, ఈ రంగే. ఇంతకంటే ఒక్క నిమిషం ఉంచినా చేదెక్కుతాయి, ఆపేశాను. మూకుడు వేడికి ఇంకాస్త ముదురుతాయి కాబట్టి వెంటనే పళ్ళెంలోకి తీస్తున్నాను. నాలుగు ఉల్లిపాయలు ఎంతయ్యాయో చూశారా? రెండు గుప్పెళ్ళు. వెనక వాళ్ళకు ఇప్పుడు వాసన వస్తోంది, మీ ముఖాలు చూస్తే తెలుస్తోంది. ఆ పెద్ద గిన్నెలో అన్నం పొద్దున్న ఇలాగే వేయించిన నూనెతో వండి తెచ్చాను. మూత తీస్తున్నాను. పెరుగు ఆ చివర ఉంది, ప్లేట్లు ఇటు. ముందు పెరుగు లేకుండా ఒక్క ముద్ద తినండి, తర్వాత పెరుగుతో. రండి.